పాత చట్రం – కొత్త ప్రయాణం

పాఠ్యభాగ నేపథ్యం

వాడి పారవేసిన వస్తువులో పనికివచ్చే భాగమేదో, పనికిరానిదేదో గుర్తించడం ఒక విద్య. కొత్త వస్తువు చౌకగా దొరికే కాలంలో ఈ విద్య అవసరం లేదనిపిస్తుంది. కాని యంత్రాన్ని విప్పి, కొలిచి, తిరిగి కూర్చగల మనిషి లేనప్పుడు చిన్న లోపానికే పెద్ద వస్తువు చెత్తలోకి చేరుతుంది. చక్రాలు, గొలుసు, బ్రేకులు అన్నీ ఊడిపోయి మిగిలిన ఒట్టి చట్రం నుండి పాతకాలపు కొండదారి సైకిలును మళ్లీ నిలబెట్టే విధానాన్ని, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

1. పనిముట్ల పేట

హైదరాబాదు నగరానికి ఉత్తరాన బాలానగర్ నుండి నర్సాపూర్ రహదారి మీదుగా సాగితే చింతల్, షాపూర్‌నగర్‌ల పక్కన జీడిమెట్ల పారిశ్రామికవాడ కనిపిస్తుంది. పూర్వం రంగారెడ్డి జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరింది. 1960 దశకంలో బాలానగర్ సమీపాన ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారం, చింతల్ వైపు హెచ్.ఎం.టి. యంత్ర పరికరాల కర్మాగారం వెలిశాయి. ఆ తరువాతి దశాబ్దాలలో జీడిమెట్ల చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు నిలయమైంది. పెద్ద కర్మాగారాల చుట్టూ లేతు యంత్రాల షెడ్లు, వెల్డింగు దుకాణాలు, పూతపని కేంద్రాలు పెరగడం పారిశ్రామికవాడలన్నింటిలో సహజంగా జరిగే పరిణామం.

ఇటువంటి చోట కార్మికుని మొదటి వాహనం సైకిలు. మోటారు వాహనాలు అందుబాటులోకి వచ్చిన కొద్దీ ఆ సైకిళ్లు ఇంటి గోడ పక్కకు, అక్కడి నుండి పాత ఇనుప సామాన్ల దుకాణానికి చేరాయి. దుకాణంలో తూకానికి అమ్ముడయ్యే ముందు టైర్లు, సీటు, పెడళ్లు విడిగా పోతాయి. చివరకు మిగిలేది చట్రం. దానిని తూకం రాయితో కొలిస్తే కొద్ది కిలోల ఇనుము. కొలబద్దతో కొలిస్తే మాత్రం అది మరొక ఇరవై ఏళ్లు నడవగల వాహనానికి వెన్నెముక. ఈ రెండు కొలతల మధ్య ఉన్న తేడాయే పునరుద్ధరణ అనే పనికి ఆధారం.

2. పాత చట్రాల నుండి పుట్టిన సైకిలు

1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన ‘రోవర్’ సైకిలు నేటి సైకిళ్లన్నింటికీ మూలరూపం. రెండు సమాన చక్రాలు, వెనుక చక్రాన్ని తిప్పే గొలుసు దాని ప్రధాన లక్షణాలు. 1888లో డన్‌లప్ గాలి టైరు రావడంతో ప్రయాణంలోని కుదుపు తగ్గింది. ఆ తరువాత దాదాపు వంద సంవత్సరాలు సైకిలు రూపం పెద్దగా మారలేదు. భారతదేశంలో పాలవారిని, తపాలా బంట్రోతులను, ఉపాధ్యాయులను మోసిన నల్లని పెద్ద సైకిలు ఆ వంశానికి చెందినదే.

కొండదారి సైకిలు, అనగా మౌంటెన్ బైక్, ఇందుకు భిన్నమైనది. దీని పుట్టుకలో ఒక విశేషం ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మారిన్ కౌంటీ యువకులు 1970 దశకంలో పాత సామాన్ల మధ్య పడి ఉన్న 1930, 1940 దశకాల నాటి ష్విన్ సైకిళ్లను తెచ్చి, లావు టైర్లు, గట్టి బ్రేకులు అమర్చి కొండవాలు మట్టిదారులలో నడిపారు. 1976 అక్టోబరులో వారు ప్రారంభించిన పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. దిగుడులో బ్రేకు పట్టి పట్టి వెనుక హబ్బులోని గ్రీజు కాలి ఆవిరయ్యేది. పందెం ముగిసిన ప్రతిసారీ హబ్బును విప్పి మళ్లీ గ్రీజు నింపవలసి వచ్చేది. ఆ పనియే పందేనికి పేరయింది.

1977లో జో బ్రీజ్ ఈ అవసరం కోసమే కొత్త చట్రాన్ని తయారుచేశాడు. 1979లో గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ నిర్మించిన చట్రాలతో సైకిళ్లు అమ్మడం ప్రారంభించారు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ ‘స్టంప్‌జంపర్’ పేరుతో పెద్ద సంఖ్యలో ఉత్పత్తి చేసింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండదారి సైకిలు పందెం చోటుచేసుకుంది. పాత చట్రాన్ని బాగుచేయడంతో మొదలైన ప్రయోగం 20 ఏళ్లలో ప్రపంచ క్రీడగా మారిందన్నమాట.

భారతదేశంలో హీరో సంస్థవారి ‘రేంజర్’ వంటి సైకిళ్లు ఈ రూపాన్ని సామాన్య కుటుంబాలకు పరిచయం చేశాయి. తిన్నని హ్యాండిల్, 26 అంగుళాల లావు టైర్లు, పొట్టి చట్రం వీటి గుర్తులు. నేడు పాత సామాన్లలో కనిపించే ఉక్కు చట్రాలలో ఇటువంటివి కొన్ని ఉంటాయి.

3. మొదటి పని పరీక్ష

ఒట్టి చట్రం దొరకగానే రంగు వేయాలని ఆరాటపడటం తొందరపాటు. చట్రం బ్రతికించదగినదా, కాదా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

చట్రంలో ముందు భాగాన హ్యాండిల్ కాడ ఇమిడే తల గొట్టం, సీటు కింద నిలువుగా సీటు గొట్టం, వాటిని కలుపుతూ పై గొట్టం, వాలు గొట్టం ఉంటాయి. పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డు గొట్టం అడుగున ఉంటుంది. అక్కడి నుండి, సీటు వద్ద నుండి వెనుకకు సాగే సన్నని జంట గొట్టాలు వెనుక చక్రాన్ని పట్టుకొంటాయి. ఈ గొట్టాల అతుకులన్నింటినీ తుడిచి, వెలుతురులో పరీక్షించాలి. రంగులో సన్నని గీత వలె కనిపించేది గీత కావచ్చు, పగులూ కావచ్చు. అక్కడ రంగు గీకి చూస్తే నిజం తెలుస్తుంది. గీత రంగుతోపాటు పోతుంది. పగులు లోహంలో మిగులుతుంది.

తల గొట్టానికి వెనుకగా, పై గొట్టం, వాలు గొట్టం అడుగుభాగాన వేలితో తడిమి చూడాలి. అక్కడ అల వలె ఎత్తుపల్లాలు తగిలితే ఆ సైకిలు ఎప్పుడో ఎదురుగా దేనినో ఢీకొన్నదని అర్థం. అటువంటి చట్రం చూపుకు నిటారుగా ఉన్నా నమ్మదగినది కాదు.

చట్రం వంకరను కనిపెట్టడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఒక దారం చాలు. వెనుక ఇరుసు ఇమిడే ఎడమ గాడికి దారాన్ని కట్టి, తల గొట్టం చుట్టూ తిప్పి, తిరిగి కుడి గాడికి బిగించాలి. అప్పుడు సీటు గొట్టానికి రెండు పక్కలా దారం ఎంత దూరాన ఉన్నదో కొలవాలి. రెండు దూరాలూ సమానమైతే వెనుక భాగం తిన్నగా ఉన్నట్లు. స్వల్పమైన తేడా ఉంటే ఉక్కు చట్రాన్ని నేర్పరి అయిన పనివాడు వంచి సరిచేయగలడు. అల్యూమినియం చట్రాన్ని ఆ విధంగా వంచరాదు. వంచితే అది పగిలే ప్రమాదం ఉన్నది.

ఇక తుప్పు. పై తుప్పు కంటే లోపలి తుప్పు ప్రమాదకరం. సీటు గొట్టం గుండా దిగిన వాననీరు పెడళ్ల ఇరుసు ఉండే అడ్డు గొట్టంలో నిలుస్తుంది. అందుచేత ఆ గొట్టం లోపల దీపం వేసి చూడాలి. చిన్న సుత్తితో మెల్లగా తట్టితే గట్టి లోహం ఖంగుమంటుంది. లోపల తినివేయబడిన చోట ధ్వని మందగిస్తుంది. గొట్టం గోడ పలుచబడిందని తేలితే ఆ చట్రాన్ని గోడకు అలంకారంగా వేలాడదీయవచ్చునే కాని రోడ్డు ఎక్కించరాదు. ‘వద్దు’ అని చెప్పగలగడం కూడా ఈ విద్యలో భాగమే.

4. కొలతలే కీలకం

పరీక్షలో నెగ్గిన చట్రానికి తరువాత కావలసినవి విడిభాగాలు. ఇక్కడే అనుభవం లేనివారు ఎక్కువగా పొరపాటు చేస్తారు. చూపుకు ఒకే విధంగా ఉన్న రెండు భాగాలు కొలతలో వేరు కావచ్చు. వెర్నియర్ కాలిపర్ అనే కొలత సాధనం ఇందుకు అత్యవసరం.

మొదటి ఉదాహరణ చక్రం. ‘26 అంగుళాల చక్రం’ అన్న మాటకు ఒకే అర్థం లేదు. కొండదారి సైకిలు చక్రంలో టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు. 26 × 1 3/8 అని గుర్తు ఉన్న టైరుకు కావలసిన రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. రెండింటినీ దుకాణంలో 26 అనే పిలుస్తారు. ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు. ఒకవేళ చక్రమంతటినీ మార్చినా, రిమ్ము అంచు 15 మిల్లీమీటర్లకు పైగా పైకి జరుగుతుంది కనుక బ్రేకు రబ్బరు రిమ్మును అందుకోదు. ఈ గందరగోళం తొలగించడానికే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం టైరు పక్కన ‘50-559’ వంటి సంఖ్యలు ముద్రిస్తారు. మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం. పాత నల్ల సైకిలు 28 × 1 1/2 టైరుకు రెండవ సంఖ్య 635. ఆ సంఖ్యను చదవడం నేర్చినవానిని ఏ పేరూ మోసగించలేదు.

రెండవ ఉదాహరణ పెడళ్ల ఇరుసు గిన్నెలు. అడ్డు గొట్టం లోపలి మరలు ఎక్కువ చట్రాలలో అంగుళానికి 24 చుట్లు ఉంటాయి. ఇంగ్లండుకు చెందిన రాలీ సంస్థ తన సైకిళ్లలో చాలాకాలం అంగుళానికి 26 చుట్ల మరను వాడింది. రెండు గిన్నెల లావు ఒకటే. చేతితో రెండు చుట్లు తిరుగుతాయి కూడా. ఆ పైన బిగువుగా ఉన్నదని పానాతో బలవంతం చేస్తే చట్రం మర చెడిపోతుంది. దానిని మళ్లీ కోయించడం కష్టసాధ్యం. చేతితో తిరిగినంత దూరం సాఫీగా తిరగని మరను పానాతో తిప్పరాదన్నది పనివారు పాటించే మొదటి నియమం.

ఇదే విధంగా సీటు కాడ లావు, ముందు ఫోర్కు కాడ లావు, వెనుక గాడుల మధ్య దూరం కొలిచి కాగితం మీద రాసుకోవాలి. గేర్లున్న కొండదారి సైకిళ్లలో ముందు హబ్బు వెడల్పు సాధారణంగా 100 మిల్లీమీటర్లు, వెనుకది 135 మిల్లీమీటర్లు. అంతకు ముందు కాలపు చట్రాలలో వెనుక దూరం 126 లేదా 130 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. సీటు కాడ విషయంలో మిల్లీమీటరులో ఐదో వంతు తేడా ఉన్నా అది దిగదు, లేదా వదులై గొట్టాన్ని చెడగొడుతుంది.

పాత వస్తువు మళ్లీ నడవగలగడానికి మూలకారణం ఈ ప్రమాణాలే. దశాబ్దాల క్రితం ఒక దేశంలో తయారైన చట్రానికి నేడు మరొక దేశంలో తయారైన గొలుసు సరిపోతున్నది. అందుకు కారణం గొలుసు లంకె పొడవు అర అంగుళం అని అందరూ అంగీకరించడం. ప్రమాణం మారని చోట వస్తువు ఆయుష్షు పెరుగుతుంది. ఏటేటా ప్రమాణం మార్చే చోట మంచి వస్తువు కూడా విడిభాగం దొరకక మూలపడుతుంది.

5. తుప్పు, రంగు

రంగు తీయడానికి ముందు చట్రం పాత రూపాన్ని ఛాయాచిత్రాలలో భద్రపరచాలి. చట్రం మీద చెక్కిన క్రమసంఖ్య, సంస్థ చిహ్నం, అక్షరాల తీరు అన్నీ దాని చరిత్ర. అసలు రంగు అక్కడక్కడ మాత్రమే రాలితే దానిని నిలుపుకోవడమే మేలు. సైకిలుకు కొత్త రంగు ఎన్నిసార్లయినా వేయవచ్చు. మొదటి రంగు ఒక్కసారే ఉంటుంది.

తప్పనిసరిగా రంగు తీయవలసి వచ్చినప్పుడు జాగ్రత్తలు అవసరం. పాతకాలపు రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నది. గృహ, అలంకరణ రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించరాదని భారత ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. అంతకు ముందు తయారైన రంగుల విషయంలో జాగ్రత్త మరింత ముఖ్యం. పొడిగా గీకితే ధూళి ఊపిరిలోకి పోతుంది. కనుక ఎమరీ కాగితాన్ని తడిపి రుద్దాలి; ముక్కుకు, నోటికి తగిన ముసుగు ధరించాలి.

తుప్పు తీయడానికి తీగల బ్రష్షు, పలుచని ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణం వాడతారు. అది విషపదార్థం, చేతి తొడుగులు లేకుండా ముట్టరాదు. పని ముగిసిన తరువాత చట్రాన్ని సోడా నీటితో, ఆ తరువాత మంచినీటితో కడిగి వెంటనే ఆరబెట్టాలి. తడి తగిలిన శుభ్రమైన ఉక్కుపై చూస్తుండగానే కొత్త తుప్పు పొర లేస్తుంది. కావున శుద్ధి చేసిన రోజే మొదటి పూత పడాలి.

నేడు పారిశ్రామికవాడలలో విరివిగా కనిపించే పద్ధతి పౌడర్ కోటింగు. ఇందులో పొడి రూపంలోని రంగుకు విద్యుదావేశం కలిగించి భూసంధానం చేసిన చట్రంపై చిమ్ముతారు. పొడి లోహానికి అంటుకొంటుంది. తరువాత సుమారు 180 నుండి 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉన్న కొలిమిలో ఉంచితే పొడి కరిగి గట్టి పొరగా ఏర్పడుతుంది. ఉక్కు గొట్టాల అతుకులకు ఈ వేడి హాని చేయదు. ఒక్క జాగ్రత్త మాత్రం మరువరాదు. మరలున్న చోట్లను, గిన్నెలు దిగే చోట్లను ముందే మూసివేయాలి. అక్కడ రంగు చేరితే కొలత మారి ఏ భాగమూ బిగియదు.

హ్యాండిల్, రిమ్ముల మెరుపు కోసం క్రోమియం పూత వేయించాలన్న కోరిక సహజం. ఆ మెరుపుకు వెల ఉన్నది. పూత తొట్టెలలో సంప్రదాయంగా వాడే ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సరు కారకం. అది కలిసిన నీటిని శుద్ధి చేయకుండా వదిలితే చెరువులు, భూగర్భజలం విషమవుతాయి. జీడిమెట్ల పారిశ్రామికవాడ ఈ కష్టాన్ని ఎరిగిన ప్రాంతమే. పరిశ్రమల వ్యర్థజలాల కోసం 1980 దశకం చివరలో అక్కడ సామూహిక శుద్ధి కేంద్రం ఏర్పడటానికి కారణం ఆ అవసరమే. ఒక వస్తువును కాపాడే పని మరొక చోట నీటిని చెరచకుండా చూసుకోవడం పునరుద్ధరణలో అంతర్భాగం. పాత క్రోమియం పూతను మెత్తని గుడ్డతో, నూనెతో తుడిచి, మచ్చలతోనే నిలుపుకోవడం అనేక సందర్భాలలో చాలినంత పని.

6. తిరిగే చోట తీరు

సైకిలులో హ్యాండిల్ కాడ, పెడళ్ల ఇరుసు, రెండు హబ్బులు, రెండు పెడళ్లు ముఖ్యంగా తిరిగే స్థానాలు. పాత సైకిళ్లలో వీటన్నింటిలోనూ గిన్నె, శంకువు, వాటి మధ్య ఉక్కు గోళీలు ఉంటాయి. రాపిడిని దొర్లుడుగా మార్చడం గోళీల పని.

సంప్రదాయ నిర్మాణంలో పెడళ్ల ఇరుసుకు ఒక్కొక్క పక్క పావు అంగుళం గోళీలు 11, వెనుక హబ్బుకు ఒక్కొక్క పక్క అదే సైజువి 9, ముందు హబ్బుకు ఒక్కొక్క పక్క 3/16 అంగుళం గోళీలు 10 పడతాయి. పాత గోళీలలో కొన్ని మంచివిగా కనిపించినా వాటిని కొత్త వాటితో కలపరాదు. అరిగిన గోళీ పక్కన కొత్త గోళీ ఉంటే బరువంతా కొత్తదానిపై పడి, అది గిన్నెను గాడి పెడుతుంది. వెల స్వల్పం కనుక పూర్తి జత మార్చడమే పద్ధతి.

గిన్నెలను కిరోసిన్‌తో కడిగి వెలుతురులో చూడాలి. గోళీలు తిరిగిన దారి నున్నగా మెరిస్తే గిన్నె మంచిది. గుంటలు పడి ఉంటే మార్చవలసిందే. తగినంత గ్రీజు పట్టించి గోళీలను పేర్చి శంకువును బిగించాలి. ఈ బిగింపులోనే పనితనం ఉన్నది. బిగువు ఎక్కువైతే ఇరుసు గరగరమని తిరుగుతుంది. తక్కువైతే చక్రం పక్కలకు ఊగుతుంది. ఊగుడు పూర్తిగా పోయి, తిరుగుడు సాఫీగా ఉన్న చోటే సరైన స్థానం. దానిని పుస్తకం సూచించగలదు కాని నేర్పవలసింది వేళ్లే.

మరల దిశను గురించి కూడా తెలుసుకోవాలి. ఎడమ పెడలు మర ఎడమచేతి మర. అనగా సాధారణ మరకు విరుద్ధంగా తిప్పితే బిగుస్తుంది. అడ్డు గొట్టానికి కుడివైపు గిన్నె కూడా ఎక్కువ చట్రాలలో ఇటువంటిదే. తొక్కేటప్పుడు తిరిగే బలం వల్ల మర దానంతట అదే ఊడిపోకుండా ఈ ఏర్పాటు చేశారు. ఈ సంగతి తెలియక, ఊడదీస్తున్నామనుకొని మరింత బిగించి పానాలను విరిచినవారు ఎందరో.

7. చక్రం నిలకడ

సైకిలు చక్రం బరువును బండిచక్రం వలె మోయదు. బండిచక్రంలో ఆకు కింద నుండి బరువును మోస్తుంది. సైకిలు చువ్వ సన్నని తీగ. అది నొక్కుడును భరించలేదు. అందుచేత చువ్వలన్నింటినీ ముందే లాగి బిగిస్తారు. భూమిని తాకిన చోట చువ్వల బిగువు కొంత తగ్గడం ద్వారా చక్రం బరువును మోస్తుంది. కనుక చువ్వల బిగువు సమానంగా లేని చక్రం ఎంత కొత్తదైనా త్వరలోనే వంగుతుంది.

‘బెండు తీయడం’ అని దుకాణాలలో పిలిచే పని ఈ బిగువును సరిచేయడమే. రిమ్ము ఎడమకు జరిగిన చోట కుడి హబ్బు అంచు నుండి వచ్చే చువ్వలను కొంచెం బిగించి, ఎడమవాటిని కొంచెం వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించరాదు. పక్క ఊగుడు పోయిన తరువాత రిమ్ము గుండ్రతనాన్ని చూడాలి. చివరగా చువ్వలను వేలితో మీటి వినాలి. ఒకే పక్క చువ్వలు దాదాపు ఒకే స్వరం పలికితే బిగువు సమానమని గుర్తు. గేర్లున్న వెనుక చక్రంలో కుడిపక్క చువ్వలు ఎక్కువ బిగువుగా ఉండటం లోపం కాదు. అది నిర్మాణ లక్షణం.

8. ఆగడం ముఖ్యం

బండి నడవడం కంటే ఆగడం ముఖ్యం. లారీలు తిరిగే పారిశ్రామికవాడ రోడ్డు మీద ఇది ప్రాణంతో ముడిపడిన విషయం. కాబట్టి పాతదనాన్ని నిలుపుకోవాలన్న కోరిక బ్రేకుల వద్ద ఆగిపోవాలి. గట్టిపడిన బ్రేకు రబ్బరు, తుప్పు పట్టిన తీగ, చిట్లిన టైరు, పగుళ్లున్న హ్యాండిల్ కాడ, అరిగిన ఫోర్కు మర వీటిని ఎంత అసలైనవైనా మార్చవలసిందే.

క్రోమియం పూత గల ఉక్కు రిమ్ము తడిసినప్పుడు బ్రేకు పట్టు బాగా తగ్గుతుంది. అల్యూమినియం రిమ్ము తడిలో ఇంతకంటే మెరుగుగా పట్టు ఇస్తుంది. వానకాలంలోనూ నడపదలచిన సైకిలుకు ఈ ఒక్క మార్పు సమంజసం. రబ్బరు రిమ్ము మీదనే పడాలి. పైకి జరిగితే టైరును కోస్తుంది. కిందికి జారితే చువ్వలలో చిక్కుకుంటుంది.

గొలుసు అరుగుదలను కొలబద్దతో కనిపెట్టవచ్చు. కొత్త గొలుసులో 12 పూర్తి లంకెలు సరిగా 12 అంగుళాలు ఉంటాయి. అదే పొడవు 12 1/16 అంగుళాలకు చేరితే గొలుసు మార్చాలి. 12 1/8 దాటితే పళ్ల చక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి. అరిగిన పళ్లపై కొత్త గొలుసు జారుతుంది.

కూర్పు ముగిసిన తరువాత ముందుగా ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, రెండు బ్రేకులనూ విడివిడిగా పరీక్షించాలి. కొన్ని పదుల కిలోమీటర్లు తిరిగిన తరువాత తీగలు సాగుతాయి, చువ్వలు కుదురుకొంటాయి, నట్లు వదులవుతాయి. అప్పుడు మరొకసారి అన్నింటినీ బిగించినప్పుడే పని పూర్తయినట్లు.

9. లాభమెంత?

ఇంత శ్రమపడి నిలబెట్టిన సైకిలు ఖర్చు లెక్కిస్తే అనేకసార్లు అది కొత్త సైకిలు ధరను మించుతుంది. చట్రంలో ఆదా అయ్యే ఉక్కు రెండు మూడు కిలోలు మాత్రమే. ఈ రెండు సత్యాలనూ దాచవలసిన అవసరం లేదు. అయితే అసలు లాభం మరొక చోట ఉన్నది.

బాగుచేయగలిగినవాడు ఉన్నంతకాలమే వస్తువు బాగుపడుతుంది. 1951లో సోనీపత్‌లో ప్రారంభమైన అట్లాస్ సంస్థ 2020 జూన్ 3న సాహిబాబాద్‌లోని తన కర్మాగారంలో ఉత్పత్తి నిలిపివేసింది. ఆనాడే ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం యాదృచ్ఛికం. సంస్థ పని ఆపినా అది తయారుచేసిన సైకిళ్లు రోడ్ల మీద ఉండనే ఉన్నాయి. వాటికి దిక్కు ఆ సంస్థ కాదు. వీధి చివర నీళ్ల తొట్టె, గాలి పంపు పెట్టుకొన్న సైకిలు షాపు. అక్కడ గిన్నెను వేలితో తడిమి చూడగల మనిషి పని మానివేస్తే అతనితోపాటు ఆ స్పర్శజ్ఞానం కూడా పోతుంది. దానిని ఏ కర్మాగారమూ తిరిగి తయారుచేయలేదు.

హైదరాబాదులో సైకిలుపై ఆసక్తి మళ్లీ పెరుగుతున్నది. బాహ్యవలయ రహదారి వెంట పశ్చిమ భాగంలో సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో ప్రారంభమైంది. బాటలు ఉన్నంత మాత్రాన సైకిళ్లు నడవవు; వాటిని సరిచేసే చేతులు కూడా కావాలి. ఇంజనీరింగు, ఐ.టి.ఐ. విద్యార్థులు ఒక పాత చట్రాన్ని ముందు పెట్టుకొని దాని మరలను లెక్కించి, వంకరను దారంతో కొలిచి, గోళీలను పేర్చి చూస్తే యంత్రశాస్త్రంలోని ఘర్షణ, బిగువు, లోహక్షయం, ప్రమాణీకరణ అన్నీ ఒకే చోట బోధపడతాయి.

ఏది నిలుపుకోవాలో, ఏది మార్చాలో, ఏది వదులుకోవాలో తెలియడమే పునరుద్ధరణ. ఆ తీర్పుకు అభిమానం ఒక్కటే చాలదు, కొలత కావాలి. కొలిచి చూచిన కన్నుకు పాత ఇనుప సామాన్ల గుట్టలో కూడా ప్రయాణానికి సిద్ధంగా ఉన్న వాహనం కనిపిస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

పునరుద్ధరణ : పూర్వస్థితికి తెచ్చుట
చట్రం : వస్తువుకు ఆధారమైన కట్టుబడి
ఇరుసు : చక్రం తిరుగుటకు ఆధారమైన కడ్డీ
మర : స్క్రూ వంటి వాటికి ఉండే మెలిక చుట్టు
పానా : నట్లు బిగించే పనిముట్టు
చువ్వ : చక్రపు హబ్బును, రిమ్మును కలిపే సన్నని కడ్డీ
లోహక్షయం : తుప్పు మొదలగు వాటి వలన లోహం తినివేయబడుట
ప్రమాణీకరణ : కొలతలను అందరికీ ఒకటిగా నిర్ణయించుట
యాదృచ్ఛికం : అనుకోకుండా జరిగినది

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఒట్టి చట్రాన్ని పరీక్షించే పద్ధతులను వివరించండి.
2. “పాత వస్తువు మళ్లీ నడవగలగడానికి మూలకారణం ప్రమాణాలే.” పాఠం ఆధారంగా సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కొండదారి సైకిలు పుట్టుకను తెలపండి.
2. క్రోమియం పూత విషయంలో పాటించవలసిన వివేకం ఏమిటి?
3. సైకిలు చక్రం బరువును మోసే తీరు బండిచక్రం తీరుకు ఎట్లు భిన్నమైనది?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘రీప్యాక్’ పందేనికి ఆ పేరు ఎందుకు వచ్చింది?
2. టైరుపై ‘50-559’ అన్న సంఖ్యలు దేనిని తెలుపుతాయి?
3. ఎడమ పెడలుకు ఎడమచేతి మర ఎందుకు ఉంటుంది?